ల్యాప్‌టాప్‌కు హార్డ్ డిస్క్ కనిపించడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

నిన్నటిదాకా బాగానే నడిచిన ల్యాప్‌టాప్ ఇవాళ ఆన్ చేస్తే నల్ల తెర, దాని మీద నాలుగు ఇంగ్లిష్ ముక్కలు. లేదంటే విండోస్ వస్తుంది, డి డ్రైవ్ మాత్రం మాయం. ఇలాంటప్పుడు జనం అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాం. వరుసగా చదవక్కర్లేదు, మీ సమస్యకు దగ్గరగా ఉన్నది చూసుకోండి. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి: ఇంకెక్కడా కాపీ లేని ఫైళ్లు ఆ డిస్క్‌లో ఉంటే, "ఫార్మాట్ కొడితే సరిపోతుంది" అన్న సలహా ఎవరిచ్చినా అప్పుడే వినకండి.

"నో బూటబుల్ డివైస్" అని వస్తోంది. హార్డ్ డిస్క్ పోయినట్టేనా?

అప్పుడే ఆ నిర్ణయానికి రావద్దు. విండోస్‌ను ఎక్కడి నుంచి తెరవాలో ల్యాప్‌టాప్‌కు దొరకలేదు, అంతవరకే ఆ మాటకు అర్థం. డిస్క్ పోయి ఉండొచ్చు. కేబుల్ వదులై ఉండొచ్చు. డిస్క్ నిక్షేపంలా ఉండి, విండోస్ బూట్ ఫైళ్లు చెడి ఉండొచ్చు. పక్కన పెన్‌డ్రైవ్ గుచ్చి మర్చిపోయినా కొన్ని ల్యాప్‌టాప్‌లు ఇదే మాట అంటాయి. ముందు అది పీకేసి చూడండి.

కంపెనీని బట్టి మాటలు మారతాయి. హెచ్‌పీలో "బూట్ డివైస్ నాట్ ఫౌండ్", దాని కింద "హార్డ్ డిస్క్ 3ఎఫ్0" అని ఉంటుంది. పాత మోడళ్లలో "ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్". నీలి తెర మీద "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" వస్తే మాత్రం అది వేరే సంగతి. అక్కడ విండోస్ లేవడం మొదలైంది, మధ్యలో డిస్క్ అందకుండా పోయింది. స్టోరేజ్ డ్రైవర్ చెడితేనో, బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే, బోర్డులోని చిన్న ప్రోగ్రామ్) స్టోరేజ్ మోడ్ మారితేనో ఎక్కువగా ఇలా జరుగుతుంది. డిస్క్ మీద అనుమానం ఆ తర్వాతే.

అన్నిటికంటే ముందు ఏం చూడాలి?

చెవి పెట్టి వినండి. లోపల ఉన్నది తిరిగే పాత రకం హార్డ్ డిస్క్ అయి, టిక్ టిక్‌మని ఆగి ఆగి కొట్టుకుంటున్నా, కీచుమంటున్నా, వెంటనే ఆపేసి, కింద శబ్దాల గురించి రాసిన జవాబుకు వెళ్లండి. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడటమే అలాంటి డిస్క్‌కు జరిగే పెద్ద నష్టం.

శబ్దమేమీ లేకపోతే ఛార్జర్ తీసేయండి. బ్యాటరీ ఊడదీసే రకమైతే అదీ తీసేసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. తర్వాత ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. నమ్మబుద్ధి కాదు గానీ, కొన్ని ఇంతటితోనే లేస్తాయి. అలా లేచినదాన్ని నమ్ముకుని ఊరుకోకండి. ఆరోజే ఫైళ్లన్నీ బయటికి కాపీ చేసుకోండి.

బయోస్‌లో చూడమంటారు. అక్కడికి ఎలా వెళ్లాలి, ఏం చూడాలి?

ఆన్ చేసిన క్షణం నుంచే ఈ కీని టకటకా నొక్కుతూ ఉండాలి: డెల్, ఏసర్, ఏసుస్‌లలో ఎఫ్2. హెచ్‌పీలో ముందు ఎస్కేప్, ఆ వచ్చే మెనూలో ఎఫ్10. లెనోవో ఐడియాప్యాడ్‌లో ఎఫ్2, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1. చాలా ఐడియాప్యాడ్‌లకు పక్కన సూది పట్టేంత చిన్న రంధ్రంలో నోవో బటన్ ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆపి ఉన్నప్పుడు దాన్ని పిన్నుతో నొక్కితే నేరుగా మెనూ వస్తుంది. ఎంఎస్ఐలో డిలీట్ కీ.

లోపలికి వెళ్లాక మెయిన్, ఇన్ఫర్మేషన్, స్టోరేజ్ వంటి పేర్లున్న పేజీల్లో డిస్క్ మోడల్ పేరు కనిపిస్తోందా చూడండి. సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా, శాంసంగ్, ఏదో ఒక పేరు, పక్కన దాని సైజు ఉంటాయి. అక్కడ "నన్" అనో "నాట్ డిటెక్టెడ్" అనో ఉంటే డిస్క్ వరకు మాట అందడం లేదన్నమాట.

మిగతా కథంతా ఈ ఒక్క గీత దగ్గర రెండుగా చీలుతుంది. పేరు కనిపిస్తే గొడవ చాలావరకు సాఫ్ట్‌వేర్‌దో సెట్టింగ్‌దో, లేదా చెడిపోతూ కూడా ఇంకా పలుకుతున్న డిస్క్‌ది. పేరే లేకపోతే కేబుల్, కనెక్టర్, స్లాట్, డిస్క్, బోర్డు ఈ వరుసలో అనుమానించాలి. ఇది చూడకుండానే విండోస్ మళ్లీ వేసేద్దాం అనే టెక్నీషియన్ దగ్గర కాస్త జాగ్రత్త.

బయోస్‌లో డిస్క్ పేరు ఉంది. విండోస్ మాత్రం రావడం లేదు.

బూట్ ఆర్డర్‌లో "విండోస్ బూట్ మేనేజర్" అనేది పైన ఉందా చూడండి. అసలు ఆ వరుసలోనే లేకపోతే బూట్ మోడ్ మారిపోయి ఉండొచ్చు. యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో వేసిన విండోస్, మోడ్ లెగసీ అనే పాత పద్ధతికి మారితే కనిపించదు. లెగసీలో వేసింది యూఈఎఫ్ఐలో కనిపించదు.

మరి ఎవరూ ముట్టుకోకుండా సెట్టింగ్ ఎలా మారింది? పాత ల్యాప్‌టాప్‌లలో దీనికి ఎక్కువగా దొరికే దొంగ సీమాస్ సెల్. రూపాయి బిళ్లంత ఉండే 3 వోల్టుల సీఆర్2032 సెల్ అది. అది అయిపోయాక ఛార్జర్, బ్యాటరీ రెండూ లేని క్షణంలో బయోస్ తన ఫ్యాక్టరీ సెట్టింగ్‌లకు వెళ్లిపోతుంది. గుర్తుపట్టడం తేలిక: బయోస్‌లో తేదీ, టైమ్ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లి ఉంటాయి. సెల్ మార్చి, మోడ్ సరిచేస్తే చాలు. కొత్త మోడళ్లు చాలావాటిలో ఈ సెల్ విడిగా ఉండదు.

సెట్టింగ్‌లన్నీ సరిగ్గా ఉండి కూడా రాకపోతే, వేరే కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ పెన్‌డ్రైవ్ చేసుకుని, దాంతో బూట్ చేసి "రిపేర్ యువర్ కంప్యూటర్" ద్వారా స్టార్టప్ రిపేర్ ప్రయత్నించండి. అయితే ఫైళ్లు ముఖ్యమైతే రిపేర్ కంటే ముందు ఉబుంటు పెన్‌డ్రైవ్ చేసుకోవడం మేలు. ఇన్‌స్టాల్ చేయకుండా "ట్రై ఉబుంటు" అని తెరిస్తే పాత డిస్క్‌లోని ఫోల్డర్లు కనిపిస్తాయి, కావలసినవి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి లాగేసుకోవచ్చు. రిపేర్ విఫలమైనా అప్పుడు మీకు నిద్ర పడుతుంది.

విండోస్ కొత్తగా వేస్తుంటే డ్రైవ్‌లేవీ దొరకలేదంటోంది. బయోస్‌లో మాత్రం కనిపిస్తోంది.

ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లు వచ్చాక ఇది ఇంటింటి కథ అయింది. ఆ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి స్టోరేజ్‌ను వీఎండీ అనే కంట్రోలర్ వెనక పెట్టి ఇచ్చారు. దాని డ్రైవర్ విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌లో లేకపోతే డిస్క్ కనిపించదు. డిస్క్ పాడయిందని కొత్త ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో నడిచే డిస్క్) కొని, అది కూడా కనిపించక తల పట్టుకునేవాళ్లున్నారు.

దారులు రెండు. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించుకుని, విప్పి, పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఇన్‌స్టాల్‌లో డ్రైవ్ అడిగే చోట "లోడ్ డ్రైవర్" నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే డిస్క్ ప్రత్యక్షమవుతుంది. రెండోది బయోస్‌లో వీఎండీ ఆపేయడం. ఏసర్ ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఆ ఆప్షన్ దాచి ఉంటుంది. మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటపడుతుంది. అప్పటికే విండోస్ నడుస్తున్న ల్యాప్‌టాప్‌లో మాత్రం వీఎండీని ఉన్నపళంగా ఆపకండి, పైన చెప్పిన నీలి తెర వచ్చి కూర్చుంటుంది.

ఏహెచ్‌సీఐ, రెయిడ్ మోడ్ మార్చాక ఈ గొడవ మొదలైంది. ఏం చేయాలి?

ఇవి ల్యాప్‌టాప్ డిస్క్‌తో మాట్లాడే రెండు పద్ధతులు. ముందు పాత మోడ్‌కే తిప్పేయండి, విండోస్ లేస్తుంది. నిజంగా మార్చాల్సి ఉంటే విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. లేచేలోపు బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చండి. సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక విండోస్ కొత్త డ్రైవర్ అందుకుంటుంది. అప్పుడు టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేయాలి. కానీ ఇది మొదలుపెట్టే ముందు తర్వాతి జవాబు చదవండి.

బయోస్‌లో ఏదో మార్చాను, ఇప్పుడు బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. నేనెప్పుడూ బిట్‌లాకర్ పెట్టలేదే?

మీరు పెట్టకపోయినా అది పెట్టుకుని ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ (బిట్‌లాకర్‌తో డిస్క్‌కు తాళం వేసే ఏర్పాటు) దానంతటదే మొదలవుతుంది. విండోస్ 11 24హెచ్2 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవాటిలో ఇది మరీ ఎక్కువైంది. బయోస్‌లో మార్పు జరిగితే ఎవరో తలుపు బద్దలుకొడుతున్నారని అనుమానించి తాళం అడుగుతుంది.

ఆ తాళం 48 అంకెల సంఖ్య. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతా సైట్‌కు వెళ్లి లాగిన్ అయితే, మీ డివైస్‌ల వివరాల్లో రికవరీ కీ ఉంటుంది. ల్యాప్‌టాప్‌ను మొదట సెటప్ చేసింది ఎవరి ఖాతాతో అన్నది గుర్తు తెచ్చుకోండి. షాపు కుర్రాడి ఖాతా, అన్నయ్య ఖాతా, మానేసిన ఆఫీసు ఖాతా, ఇవే ఎక్కువగా తేలేవి. కీ దొరక్కపోతే ఆ డిస్క్‌ను తీసి వేరే ల్యాప్‌టాప్‌కు పెట్టినా, రికవరీ సెంటర్‌కు ఇచ్చినా ఫైళ్లు రావు. డబ్బు తీసుకుని తీసిస్తామన్నవాళ్లను నమ్మొద్దు.

బయోస్‌లోనే డిస్క్ కనిపించడం లేదు. ఇంట్లో నేనే విప్పి చూడొచ్చా?

వారంటీ అయిపోయి ఉండి, స్క్రూడ్రైవర్ పట్టిన అలవాటు ఉంటే చూడొచ్చు. మీ మోడల్ పేరుతో "డిస్‌అసెంబ్లీ" అని యూట్యూబ్‌లో వెతికి, మొత్తం ఒకసారి చూశాకే మొదలుపెట్టండి. ఛార్జర్ తీసి, కవర్ తెరవగానే బ్యాటరీ కనెక్టర్‌ను ముందు వేరు చేయాలి. దీన్ని మాత్రం వదిలేయకండి. స్క్రూలు ఏ రంధ్రంలోవి ఆ రంధ్రం బొమ్మ దగ్గరే కాగితం మీద పెట్టుకుంటే చివర్లో ఒకటి మిగిలిపోదు.

సాటా అనే పాత తరహా కనెక్షన్ ఉన్న రెండున్నర అంగుళాల డిస్క్ అయితే, చాలా మోడళ్లలో అది పల్చటి రిబ్బన్ లాంటి ఫ్లెక్స్ కేబుల్‌తో బోర్డుకు కలుస్తుంది. అసలు దోషి చాలాసార్లు ఈ కేబులే. మడత దగ్గర లోపలి తీగ విరిగినా పైకి కనిపించదు. లక్షణం చెప్పాలంటే, ఒకరోజు కనిపిస్తుంది, ఒకరోజు కనిపించదు. ల్యాప్‌టాప్ కదిలిస్తే ఆగిపోతుంది. డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు పెడితే ఏ గొడవా లేకుండా నడుస్తుంది. 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో 2012 మోడల్ ఈ కేబుల్ విషయంలో పేరు మోసింది. కేబుల్ మీ మోడల్ నంబర్‌కు సరిపడేదే తెప్పించుకోవాలి, చూడటానికి ఒకేలా ఉన్నవి పట్టవు.

ఎం.2 ఎస్ఎస్‌డీ (పల్చటి పట్టీలా ఉండి బోర్డు మీద స్లాట్‌లో గుచ్చేది) అయితే ఒక్క స్క్రూ తీస్తే పైకి లేస్తుంది. బయటికి లాగి, బంగారు రంగు కాంటాక్టులను మెత్తటి పెన్సిల్ రబ్బరుతో ఒకసారి తుడిచి, పొడి ఊది, మళ్లీ ఏటవాలుగా గట్టిగా చివరిదాకా తోసి స్క్రూ బిగించండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉప్పుగాలికి కాంటాక్టులు మసకబారడం మామూలే. ర్యామ్ తీసి తుడిచి పెడితే ల్యాప్‌టాప్ లేచినట్టే, ఇదీ లేస్తుంది.

డిస్క్‌ది తప్పా, ల్యాప్‌టాప్‌ది తప్పా? తేల్చేదెలా?

సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ ఒకటి కొనండి, లేదా అడిగి తెచ్చుకోండి. రెండున్నర అంగుళాల డిస్క్ 5 వోల్టులతో నడుస్తుంది కాబట్టి యూఎస్‌బీ కరెంటే సరిపోతుంది. ఎం.2కి విడిగా కేసింగ్ దొరుకుతుంది, ఎన్‌వీఎంఈ అనే వేగమైన కొత్త రకానికి పనికొచ్చేదో సాటాకి పనికొచ్చేదో చూసి తీసుకోవాలి. డిస్క్‌ను ఇలా వేరే కంప్యూటర్‌కు పెట్టినప్పుడు ఫైళ్లు తెరుచుకుంటే మీ ల్యాప్‌టాప్ కేబుల్, స్లాట్, బోర్డులలో ఏదో పోయినట్టు. అక్కడా రాకపోతే డిస్క్ పోయినట్టు. రిపేర్ షాపులో జరిగే మొదటి పరీక్ష కూడా ఇదే.

యూఎస్‌బీకి పెడితే "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతోంది.

వద్దు అని నొక్కండి. ఫైల్ సిస్టమ్ చదవడం కుదరక అలా అడుగుతోంది, ఫైళ్లు లోపల అలాగే ఉండి ఉండొచ్చు. విండోస్‌లో డిస్క్‌లన్నీ చూపే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూస్తే ఆ భాగం పక్కన "రా" (RAW) అని ఉంటుంది. "నాట్ ఇనిషియలైజ్డ్" అని ఉండి, ఇనిషియలైజ్ చేయమని బాక్సు వచ్చినా క్యాన్సిల్ కొట్టండి.

"ఆఫ్‌లైన్" అని ఉంటే భయమేమీ లేదు, దాని మీద రైట్ క్లిక్ చేసి ఆన్‌లైన్ చేస్తే సరిపోతుంది. భాగం మామూలుగా కనిపిస్తూ డ్రైవ్ అక్షరం మాత్రం లేకపోతే, "చేంజ్ డ్రైవ్ లెటర్" ద్వారా ఒక అక్షరం ఇవ్వండి. మాయమైన డి డ్రైవ్‌లలో కొన్ని ఇంత చిన్న పనికే దొరికిపోతాయి.

టిక్ టిక్ శబ్దం వస్తోంది. ఎంత ప్రమాదం?

చాలా. తిరిగే డిస్క్‌లో హెడ్, పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ చదువుతుంది. వెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లు ఉంటుంది, దాన్ని బట్టి ఊహించుకోండి. హెడ్ చెడినప్పుడు తన స్థానం దొరక్క వెనక్కి వెళ్లి, మళ్లీ మొదటి నుంచి వెతుకుతుంది. ఆ వెనక్కి వెళ్లి రావడమే మీకు వినిపించే టిక్కు. నిమిషానికి 5400 సార్లు తిరిగే పళ్లెం మీద చెడిన హెడ్ గీసుకుంటే, అయస్కాంత పూత పొడిగా రాలిపోతుంది. రాలిన చోట ఉన్న డేటా ప్రపంచంలో ఎవరూ తిరిగి తేలేరు.

కాబట్టి ఫైళ్లు కావాలంటే ఆన్ చేయడం ఆపండి. అక్కర్లేకపోతే తీసేసి కొత్తది వేసుకోండి. మధ్యలో ఇంకో దారి లేదు.

ఫ్రీజర్‌లో పెడితే పనిచేస్తుందంటున్నారు?

పెట్టకండి. బయటికి తీయగానే మన గాలిలోని తేమంతా పళ్లెం మీద నీటి చెమ్మగా పడుతుంది. జూలైలో విజయవాడలో ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా ఎలా చెమర్చుతుందో చూశారుగా. చేత్తో తట్టడం, ఇంట్లో మూత విప్పి చూడటం కూడా ఇదే కోవ.

చెక్‌డిస్క్ రన్ చేయమన్నారు. చేయొచ్చా?

ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌లో ఫైల్ సిస్టమ్ లెక్కలు తప్పితే సరిచేయడానికి అది మంచి సాధనం. చెడిపోతున్న డిస్క్ మీద మాత్రం హానికరం. దాని పని ఫైల్ సిస్టమ్‌ను తిన్నగా చేయడం, మీ ఫొటోలను కాపాడటం కాదు. చదవలేని భాగాలను గంటల తరబడి తడుముతుంది, లెక్క కుదరని ఫైళ్లను ముక్కలుగా పక్కకు నెడుతుంది.

సరైన వరుస ఏమిటంటే, ముందు డిస్క్‌ను మొత్తంగా ఇంకో డిస్క్‌లోకి నకలు తీయాలి, తర్వాత ఏ ప్రయోగమైనా ఆ నకలు మీద చేయాలి. లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ దీనికోసమే ఉంది. బాగున్న భాగాలను ముందు చకచకా లాగేసి, మొండికేసే చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. ఎంతవరకు చదివిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి, మధ్యలో కరెంటు పోయినా మొదటికి రాదు. తర్వాత నకలు మీద టెస్ట్‌డిస్క్‌తో పోయిన పార్టిషన్‌ను వెతకొచ్చు. అదీ కుదరకపోతే ఫోటోరెక్ ఉంది. అది ఫైళ్లు తెస్తుంది గానీ పేర్లు, ఫోల్డర్లు తేదు. వేల ఫొటోలు అంకెల పేర్లతో వచ్చి పడతాయి, ఓపిగ్గా ఏరుకోవాలి.

డిస్క్ ఇంకా నడుస్తోంది కానీ అనుమానంగా ఉంది. ఆరోగ్యం ఎలా తెలుస్తుంది?

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూడండి. నీలం రంగు మంచిది, పసుపు జాగ్రత్త, ఎరుపు అయితే ఇక చెప్పేదేముంది. రంగు దగ్గరే ఆగకండి. 05, సీ5, సీ6 అన్న వరుసల చివర్లో సున్నా కాక ఇంకేదైనా ఉందా చూడండి. 05 అంటే ఇప్పటికే చెడి, బదులు చోటు వాడుకున్న సెక్టార్లు (డేటా దాచే చిన్న చిన్న గడులు). సీ5 చదవడానికి మొండికేస్తూ తీర్పు కోసం ఆగినవి. సీ6 అసలు సరికానివి. సీ5 పెరుగుతూ పోతుంటే డిస్క్ మార్చే సమయం వచ్చింది. సీ7 ఒక్కటే పెరుగుతూ మిగతావి సున్నా ఉంటే తప్పు డిస్క్‌ది కాదు, కేబుల్‌ది. డిస్క్ మార్చేముందు ఈ ఒక్క వరుస చూస్తే డబ్బు మిగులుతుంది.

అంకెలు పదహారు ఆధారపు లెక్కలో కనిపిస్తే కంగారు పడకండి, మెనూలో రా వాల్యూస్‌ను మామూలు అంకెలకు మార్చుకోవచ్చు. ఈ పట్టిక సాటా డిస్క్‌లకు. ఎన్‌వీఎంఈకి వేరే పట్టిక వస్తుంది, అక్కడ ఆరోగ్య శాతం, మీడియా ఎర్రర్లు చూడాలి.

ఎస్ఎస్‌డీకి శబ్దం లేదు, ముందు హెచ్చరిక లేదు, ఒక్కసారిగా మాయమైంది.

ఎస్ఎస్‌డీలు ఎక్కువగా అలాగే పోతాయి. అయితే కరెంటు ఉన్నట్టుండి పోయాక మాయమైతే కొంచెం ఆశ ఉంది. ఏ ఫైల్ ఏ చిప్‌లో ఉందో చెప్పే లోపలి పట్టిక చెదిరి, డ్రైవ్ దాన్ని తిరిగి కట్టుకోవాల్సి వస్తుంది. క్రూషియల్ సంస్థ చెప్పిన పద్ధతి ఒకటుంది: ల్యాప్‌టాప్‌ను బయోస్ తెర దగ్గరే ఉంచి 20 నిమిషాలు కదపకుండా వదిలేయండి. తర్వాత ఆపి, కరెంటు తీసి 30 సెకన్లు ఆగండి. ఇదే ఇంకోసారి చేయండి. ఖర్చు లేని పని, హాని లేని పని.

డ్రైవ్‌ను నడిపే లోపలి ఫర్మ్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్‌లో తప్పుండి మాయమైన సందర్భాలూ ఉన్నాయి. క్రూషియల్ ఎం4 డ్రైవ్‌లు మొత్తం 5184 గంటలు నడిచాక గంటకోసారి మొరాయించేవి. 2012 జనవరిలో వచ్చిన ఫర్మ్‌వేర్‌తో అది తీరింది. 2019 నవంబరులో హెచ్‌పీ ఎంటర్‌ప్రైజ్ తన సర్వర్ ఎస్ఎస్‌డీలు కొన్ని సరిగ్గా 32,768 గంటలకు డేటాతో సహా పోతాయని హెచ్చరించింది. 2ను 15 సార్లు హెచ్చించుకుంటే వచ్చే సంఖ్య అది. గంటలు లెక్కపెట్టే గడి నిండిపోయిందని కంప్యూటర్ చదివినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. కాబట్టి డ్రైవ్ బాగున్నప్పుడే కంపెనీ సైట్‌లో కొత్త ఫర్మ్‌వేర్ ఉందేమో ఏడాదికోసారైనా చూడండి.

పొరపాటున చెరిపేసిన ఫైళ్ల విషయంలో మాత్రం ఎస్ఎస్‌డీ దయ చూపదు. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల చెరిపిన చోటు కొద్దిసేపటికే నిజంగా ఖాళీ అవుతుంది.

కొత్త ఎం.2 ఎస్ఎస్‌డీ కొన్నాను. స్లాట్‌లో పట్టింది, కానీ కనిపించడం లేదు.

పట్టడం వేరు, పలకడం వేరు. ఎం.2 ఆకారంలో సాటా రకం, ఎన్‌వీఎంఈ రకం రెండూ వస్తాయి. అంచున రెండు గంట్లు ఉన్నవి ఎక్కువగా సాటావి, ఒక గంటు ఉన్నవి ఎన్‌వీఎంఈవి. ఎన్‌వీఎంఈకి మాత్రమే తయారైన స్లాట్‌లో సాటా ఎస్ఎస్‌డీ పడుతుంది గానీ పనిచేయదు. కొనేముందు మీ మోడల్ మాన్యువల్ చూడండి. పొడవు కూడా: 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. రెండూ సరిపోయి, బయోస్‌లో పేరు వచ్చి, విండోస్ "దిస్ పీసీ"లో మాత్రం లేకపోతే అది కొత్త డిస్క్ కనుక ఇనిషియలైజ్ చేయాలి. పైన వద్దన్నదే ఇక్కడ చేయాలి. డిస్క్‌ను భాగాలుగా పంచే పద్ధతి ఏదని అడిగితే జీపీటీ ఎంచుకోండి, పాతదైన ఎంబీఆర్ 2 టీబీ దాటి చూడలేదు.

మ్యాక్‌బుక్‌లో ప్రశ్నార్థకం ఉన్న ఫోల్డర్ మెరుస్తోంది.

స్టార్టప్ డిస్క్ దొరకలేదని అర్థం. ఇంటెల్ మ్యాక్ అయితే కమాండ్, ఆర్ కలిపి పట్టుకుని ఆన్ చేసి డిస్క్ యుటిలిటీలో డిస్క్ ఉందా చూడండి. 2018 తర్వాతి మ్యాక్‌బుక్‌లలో స్టోరేజ్ చిప్‌లు బోర్డుకే అతికి ఉంటాయి, వాటి తాళం కూడా అదే బోర్డు మీద చిప్‌లో ఉంటుంది. అందుకే బోర్డు పోతే ఫైళ్లు విడిగా తీయడానికి డిస్క్ అంటూ ఏదీ చేతికి రాదు. మ్యాక్‌లో ఉండే టైమ్ మెషిన్‌తో తీసుకున్న బ్యాకప్ ఉందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న.

డేటా రికవరీకి ఎవరికి ఇవ్వాలి? ఏం అడగాలి?

హైదరాబాద్‌లో అయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) పేరు అందరూ చెబుతారు. పెద్ద ఊళ్లన్నిటిలో కంప్యూటర్ షాపుల వీధులున్నాయి. బోర్డు మీద "డేటా రికవరీ" అని రాసి ఉండటం వేరు, హెడ్‌లు మార్చగలగడం వేరు. చాలా షాపులు సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించి, కుదరకపోతే పెద్ద సెంటర్‌కు పంపుతాయి. అదేం తప్పు కాదు, ముందే చెబితే.

అడగాల్సినవి: డిస్క్ మూత ఇక్కడే తెరుస్తారా, దుమ్ములేని గది ఉందా? చూసి చెప్పడానికి ఎంత? ఫైళ్లు రాకపోతే ఎంత? వచ్చిన ఫైళ్ల జాబితా డబ్బు కట్టేముందు చూపిస్తారా? ఇప్పటికే ఒకరు మూత విప్పిన డిస్క్‌ను చాలా సెంటర్లు తీసుకోవు, తీసుకున్నా రేటు పెంచుతాయి. కాబట్టి మొదట ఎవరికి ఇస్తున్నామన్నదే అన్నిటికంటే ముఖ్యం. డిస్క్ ఇచ్చేముందు సీరియల్ నంబర్ ఫొటో తీసుకోండి, రశీదులో అది రాయించండి.

రికవరీ అయింది, కానీ తెలుగు ఫైళ్లన్నీ పిచ్చి అక్షరాలుగా ఉన్నాయి. పాడయ్యాయా?

చాలావరకు కాదు. డీటీపీ సెంటర్లు, పత్రికలు, పంచాయతీ ఆఫీసులకు పనిచేసినవాళ్ల డిస్క్‌ల నుంచి వచ్చే పేజ్‌మేకర్ ఫైళ్లు అను ఫాంట్లలో ఉంటాయి. ఆ పాత పద్ధతిలో తెలుగు అక్షరాలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో దాచేవాళ్లు. కొత్త ల్యాప్‌టాప్‌లో ఆ ఫాంట్లు లేకపోతే తెరపై చెత్తలా కనిపిస్తుంది. అను ఫాంట్లు వేసి తెరిచి చూడండి. రికవరీ షాపువాళ్లతో గొడవపడేముందు ఈ పరీక్ష చేయండి, చివరి పుట కూడా తెరుచుకుంటే ఫైల్ బాగున్నట్టే. అలాగే, పాత ఫాంట్ ఫోల్డర్ కూడా డిస్క్ నుంచి తెచ్చి ఇమ్మని ముందే చెప్పండి.

వారంటీలో ఉంది. డేటా కూడా ఇస్తారా?

ఇవ్వరు. వారంటీ డిస్క్‌కే, అందులో ఉన్నదానికి కాదు. కొత్త డిస్క్ ఇచ్చి పాతది తీసుకుపోతారు. పాతది మీ దగ్గరే ఉంచుకోవాలంటే సర్వీస్ సెంటర్‌లో ఫిర్యాదు నమోదు చేసేటప్పుడే అడగండి. డెల్ వంటి కొన్ని కంపెనీలు దానికి విడిగా డబ్బు కట్టించుకునే పథకం పెట్టాయి. వారంటీలో ఉండి కూడా మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

అమెరికా నుంచి మా అబ్బాయి తెచ్చిన ల్యాప్‌టాప్. ఇక్కడ వారంటీ పనిచేస్తుందా?

మోడల్‌ను బట్టి. కంపెనీ ఇండియా సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టి చూడండి. కొన్నిటికి దేశం మార్పు అభ్యర్థన పెట్టుకోవాలి, దానికి కొన్న బిల్లు అడుగుతారు. అబ్బాయి మెయిల్‌లో ఆ బిల్లు వెతికించండి.

కొత్త డిస్క్ వేయించుకున్నాను. పాడైన పాతదాన్ని ఏం చేయాలి?

పాత ఇనుపసామాను బండికి అలాగే వేయకండి. మీ ల్యాప్‌టాప్‌లో పలకని డిస్క్ ఇంకొకరి దగ్గర పలకొచ్చు, అందులో మీ ఆధార్ కాపీ, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్ ఉంటాయి. తిరిగే డిస్క్ అయితే మూత మీద నుంచి పళ్లెం గుండా డ్రిల్‌తో రెండు మూడు రంధ్రాలు చేయించండి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి, కొన్ని రెండున్నర అంగుళాల డిస్క్‌ల పళ్లేలు గాజువి, ముక్కలు ఎగిరిపడతాయి. ఎస్ఎస్‌డీ అయితే నల్లటి చిప్‌లు ఒక్కొక్కటీ పగలాలి, బోర్డు మధ్యలో ఒక్క రంధ్రం చాలదు. ఆ తర్వాత ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.